లాల్‌దర్వాజా, షాలిబండ, అలియాబాద్

మాది లాల్‌దర్వాజా. బోనాలనగానే అందరికీ గుర్తొచ్చే సింహవాహిని మహంకాళి గుడి మా ఇంటికి నాలుగడుగుల దూరం. పూర్వం హైదరాబాద్ చుట్టూ ఉండిన కోటగోడ దర్వాజాల్లో ఒకటి మా పేటకు పేరిచ్చింది. ఇప్పుడు ఆ గోడ లేదు, మా దర్వాజా లేదు. అప్పటి దర్వాజాల్లో మిగిలినవి పురానాపూల్, దబీర్‌పురా రెండే. మాకు మిగిలినవి పేరూ, ఇరుకూ. మా గల్లీలో రెండు ఆటోలు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సిందే.

ఇరవై ఆరేళ్ళుగా కారు నడపడమే నా బతుకుదెరువు. అంబాసిడర్‌తో మొదలుపెట్టాను, తర్వాత ఇండికా, ఇప్పుడు డిజైర్. 2008లో ఎయిర్‌పోర్టు బేగంపేట నుంచి శంషాబాద్ పోయినప్పటి నుంచి నా ట్రిప్పుల్లో సగం అటే. పొద్దున ఇంటి ముందు నుంచి బండి తీస్తే మొదటి పావుగంట మొదటి గేరు, రెండో గేరు. కూరగాయల బండ్లు, స్కూలు పిల్లలు, అడ్డంగా నిలబడ్డ మేకలు. షాలిబండ, అలియాబాద్, ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట దాటి ఆరాంఘర్ చేరేసరికి రోడ్డు వెడల్పవుతుంది. అక్కడి నుంచి బండ్లన్నీ ఎనభైలో, తొంభైలో ఉంటాయి.

నాకు బాగా అర్థమైన సంగతి ఇదే. గల్లీలో నేర్చుకున్న అలవాటుతోనే మనం ఫ్లైఓవర్ ఎక్కుతున్నాం. గల్లీలో ముందు బండికి జానెడు దూరంలో నడుపుతాం, అక్కడ అది తప్పు కాదు. వేగం పది దాటదు, తగిలినా గీత పడుతుందంతే. ఆ జానెడునే ఎనభైలో కూడా వదులుతున్నాం. ప్రమాదం జరిగితే ఎవరో తాగి నడిపారనో, ఎవరో రేసు పెట్టుకున్నారనో పేపర్లో చదివి మనం అలాంటివాళ్ళం కాదులే అనుకుంటాం. కానీ కేంద్ర రవాణా శాఖ 2022 లెక్కలు చూడండి. దేశం మొత్తం మీద 4,61,312 ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. ఆ ప్రమాదాల్లో ఐదింట ఒకటికి పైగా వెనక నుంచి గుద్దినవే. అంటే చాలాసార్లు ముందు బండి కళ్ళ ముందే ఉంది, కనిపిస్తూనే ఉంది, అయినా గుద్దారు. కనిపించక కాదు, మధ్యలో చోటు లేక.

నాకు స్టీరింగ్ నేర్పిన ఉస్తాద్ షాలిబండ మనిషి. నేను చిచ్చా అనేవాణ్ణి. బీడీ ఆరిపోయినా పెదవుల మధ్యే ఉంచుకునేవాడు. ఆయన నాకు క్లచ్ నేర్పలేదు, గేర్లు నేర్పలేదు, అవి చూసి నేర్చుకోమన్నాడు. నేర్పింది ఒకటే. "సామ్నే జగా ఛోడో మియా, జగా పైసా నై మాంగ్‌తా" అనేవాడు. ముందు చోటు వదలవోయ్, చోటు డబ్బులడగదు అని. ఎంత వదలాలి అని అడిగితే మీటర్లు చెప్పలేదు. ముందు బండి ఒక కరెంటు స్తంభం దాటగానే మనసులో మెల్లగా మూడు పేర్లు అనుకోమన్నాడు. లాల్‌దర్వాజా, షాలిబండ, అలియాబాద్. మూడో పేరు పూర్తయ్యేదాకా మన బండి మూతి ఆ స్తంభం దగ్గరికి రాకూడదు. వానలో నాలుగో పేరు, ఫలక్‌నుమా కూడా చేర్చుకోమన్నాడు.

తొందరపడకుండా అంటే ఒక్కో పేరుకి సుమారుగా ఒక సెకను. చాలా దేశాల్లో డ్రైవింగ్ బడుల్లో రెండు సెకన్లు, మూడు సెకన్లు అని నేర్పేది ఈ లెక్కే. ఆయనది బడిలో నేర్చుకున్న విద్య కాదు, లారీల మీద నాగపూర్ రోడ్డు తిరిగి తెలుసుకున్నది. ఈ లెక్కలో తెలివి ఏమిటంటే వేగం పెరిగితే దూరం దానంతటదే పెరుగుతుంది. నలభైలో మూడు సెకన్లంటే ముప్పై మూడు మీటర్లు. ఎనభైలో అరవై ఆరు. మనం మీటర్లు కొలవనక్కర్లేదు, పేర్లు అనుకుంటే చాలు.

అంతా నేర్చుకుని కూడా నేను ఒకసారి మరిచిపోయాను. అది చెప్పకుండా ఈ వ్యాసం రాయడం సరికాదు.

2012 వానాకాలం. మెహదీపట్నంలో ఒక కుటుంబాన్ని ఎక్కించుకున్నాను. కొడుకు దుబాయ్ పోతున్నాడు, అతనితో తమ్ముడు, తల్లి. అప్పటికే ఆలస్యమైంది. "అన్నా, జర జల్ది పోనియ్యి, ఫ్లైట్ మిస్సయితది" అని తమ్ముడు ప్రతి రెండు నిమిషాలకీ అంటున్నాడు. వెనక నుంచి తల్లి మాత్రం "మెల్లగ పో బిడ్డా" అంది. నేను తమ్ముడి మాట విన్నాను. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాను. ముందు కారుని తరుముతున్నట్టు దానికి ఆనించి నడిపాను, డిప్పర్ కొట్టాను, హారన్ కొట్టాను. అత్తాపూర్ దాటాక దాని బ్రేకు లైట్లు వెలిగాయి. నేనూ తొక్కాను. ఆ ఎర్ర లైట్లు నా బానెట్ కిందికి దూరిపోవడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. నా వెనక ఇంకో కారు నన్ను గుద్దింది. పెద్దమ్మ నుదురు ముందు సీటుకి తగిలి చిట్లింది. రక్తం కారుతుంటే కొంగు అదిమిపెట్టుకుని ఆమె అన్న మొదటి మాట, "నీకేం కాలేదు గద బిడ్డా?"

ఫ్లైట్ పోయింది. తప్పు ముందు కారుది కాదు, నాది.

తర్వాత కూర్చుని లెక్క వేసుకున్నాను. నా వేగం డెబ్బై. అంటే సెకనుకి పంతొమ్మిది మీటర్ల పైనే. నేను వదిలిన చోటు ఏడు మీటర్లు కూడా లేదు, సెకనులో మూడో వంతు. లైటు కంటికి కనిపించి, అది బ్రేకు అని బుర్రకి తట్టి, కాలు ఒక పెడల్ మీద నుంచి ఇంకో పెడల్ మీదికి పోవడానికి ఎంత చురుకైన మనిషికైనా దగ్గరదగ్గర సెకను పడుతుంది. నేనెంత అనుభవం ఉన్న డ్రైవర్నైతేనేం, ఆ రోజు నా చేతిలో ఏమీ లేదు. బ్రేకు మీద కాలు పడకముందే గుద్దడం ఖాయమైపోయింది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. వేగం రెట్టింపైతే బ్రేకు పట్టాక బండి ఆగే దూరం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. పొడి రోడ్డు మీద మంచి టైర్లున్న కారు అరవైలో బ్రేకు పడితే సుమారు ఇరవై మీటర్లలో ఆగుతుంది. నూట ఇరవైలో అదే కారుకి ఎనభై మీటర్లు కావాలి. కాలు బ్రేకు మీదికి వచ్చేలోపు పోయే ముప్పై మూడు మీటర్లు దీనికి అదనం. ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగ పరిమితిని 2023లో వంద నుంచి నూట ఇరవైకి పెంచారు. పెరిగింది ఇరవై కిలోమీటర్లే కదా అనుకుంటాం. బ్రేకుకి అది దాదాపు ఒకటిన్నర రెట్లు.

ఇక ట్రాఫిక్ జాం సంగతి. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే 2009 అక్టోబర్‌లో తెరిచారు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్లు. సిగ్నల్ లేదు, అడ్డరోడ్డు లేదు, బైకులకి ప్రవేశం లేదు. అలాంటి రోడ్డు మీద కూడా సాయంత్రం పూట ఉన్నట్టుండి బండ్లన్నీ ఆగిపోతాయి. ముందు ఏదో యాక్సిడెంట్ అయ్యుంటుందని ప్యాసింజర్లు మెడలు చాచి చూస్తారు. మెల్లగా కదులుతాం, కదులుతాం, ఒక చోట రోడ్డు ఖాళీ అయిపోతుంది. యాక్సిడెంట్ లేదు, ఆగిపోయిన బండి లేదు, పోలీసులు లేరు. మరి ఇంతసేపూ ఎందుకాగాం?

ఈ ప్రశ్నకి జపాన్‌లో జవాబు దొరికింది. నగోయా విశ్వవిద్యాలయానికి చెందిన యూకీ సుగియామా, ఆయన సహచరులు చేసిన ఒక ప్రయోగం 2008లో అచ్చయింది. 230 మీటర్ల చుట్టుకొలత ఉన్న గుండ్రటి బాట మీద 22 కార్లు పెట్టి, అందరినీ ముప్పై కిలోమీటర్ల వేగంతో సమానంగా నడపమన్నారు. ఏ అడ్డూ లేదు. కాసేపు బాగానే తిరిగాయి. తర్వాత ఒక కారు కాస్త నెమ్మదించింది, దాని వెనకది ఇంకాస్త, అలా పోగా పోగా వెనక ఒకటి పూర్తిగా ఆగింది. అక్కడి నుంచి ఆ ఆగుడు ఒక అలలా వెనక్కి పాకడం మొదలుపెట్టింది. కార్లు ముందుకి పోతుంటే జాం గంటకి సుమారు ఇరవై కిలోమీటర్ల వేగంతో వెనక్కి పోతూ ఉంది. నేను మొదటిసారి ఆ వీడియో నా ఫోనులో చూసినప్పుడు అది అత్తాపూర్ అనిపించింది.

జరిగేది ఇదీ. ముందువాడు బ్రేకు మీద కాలు ఆనిస్తాడు. వెనకవాడు దగ్గరగా ఉన్నాడు కాబట్టి భయపడి కాస్త గట్టిగా తొక్కుతాడు. వాడి వెనకవాడు ఇంకా గట్టిగా. ఇలా పదో వాడో, ఇరవయ్యో వాడో పూర్తిగా ఆగిపోతాడు. మధ్యలో ఎవరి ముందైనా మూడు పేర్లంత చోటుంటే అతనికి బ్రేకుతో పనే ఉండదు, యాక్సిలరేటర్ మీద కాలు వదిలితే చాలు. ముందువాడి బ్రేకు అతని దగ్గరే చచ్చిపోతుంది. అతని వెనక వచ్చే యాభై బండ్లకి అసలు ఏం జరిగిందో కూడా తెలియదు. చోటు వదిలే డ్రైవరు తన ప్రాణానికే కాదు, ముఖం కూడా చూడని యాభై మందికి మేలు చేస్తున్నాడు. ఇది నేను రోజూ చేస్తున్నాను, రోజూ అద్దంలో చూస్తున్నాను. నా ముందు ఆగుతూ సాగుతూ ఉన్న వరస నా వెనక సాఫీగా నడుస్తుంటుంది.

"చోటు వదిలితే ఎవడో ఒకడు దూరుతాడు కదా?" ఎవరికి చెప్పినా మొదట అడిగేది ఇదే. నిజమే, దూరుతారు. అందుకే ఒకరోజు లెక్కపెట్టాను. సాయంత్రం ఆరున్నరకి మెహదీపట్నంలో ఎక్కి ఆరాంఘర్‌లో దిగేలోపు నా ముందు చోటులోకి తొమ్మిది కార్లు వచ్చాయి. ఒక కారు దూరినప్పుడల్లా మళ్ళీ చోటు చేసుకోవడానికి నేను వెనక్కి తగ్గింది రెండేసి సెకన్లు. మొత్తం పద్దెనిమిది సెకన్లు. ఎక్స్‌ప్రెస్‌వే దిగాక మొదటి సిగ్నల్ దగ్గర అంతకంటే ఎక్కువే ఆగాను. ఆ తొమ్మిదిలో మూడు కార్లు ఆ సిగ్నల్ దగ్గర నా పక్కనే ఉన్నాయి. ఈ పద్దెనిమిది సెకన్లు కాపాడుకోవడానికే మనం బంపర్‌కి బంపర్ ఆనించి నడుపుతున్నాం.

దూరినవాణ్ణి తిట్టుకోవద్దు. వాడికి ఎగ్జిట్ దగ్గరపడి ఉండొచ్చు, వెనక ఆసుపత్రికి పోయే మనిషి ఉండొచ్చు, లేదా వట్టి తొందరే కావొచ్చు. కారణం మనకి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. మనం చేయాల్సింది మళ్ళీ మూడు పేర్లు అనుకోవడమే.

మా పేటలో పుట్టినవాళ్ళకి ఈ సంగతి కొత్తగా చెప్పాల్సిన పనిలేదనిపిస్తుంది నాకు. ఆషాఢంలో బోనాలు గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి అయ్యాక మా దగ్గరికి వస్తాయి. మా వంతు వచ్చిన ఆదివారం గుడి ముందు సందులో ఇసుక వేస్తే రాలదు. ఆడవాళ్ళు నెత్తిన బోనం పెట్టుకుని వస్తారు. కుండకి పసుపు, కుంకుమ, చుట్టూ వేపమండలు, పైన వెలుగుతున్న దీపం. మా అమ్మ బోనం ఎత్తుకుని నడుస్తుంటే చిన్నప్పుడు ఆమె చెయ్యి పట్టుకుని పక్కనే నడిచేవాణ్ణి. ముందున్నామె కాళ్ళని మా అమ్మ ఎప్పుడూ చూడలేదు. ఆమె చూపు నలుగురైదుగురు అవతల ఉండేది. పోతరాజు కొరడా ఝళిపిస్తూ తిరిగిన చోట వరస నెమ్మదిస్తే, అది తన దగ్గరికి రాకముందే అమ్మ అడుగు చిన్నది చేసేది. ముందు ఎప్పుడూ రెండడుగుల చోటు ఉంచుకునేది. నెత్తిన కుండ ఉన్న మనిషి ఉన్నపళంగా ఆగలేదు, ఆగితే దీపం ఒలుకుతుంది. బోనం ఎత్తిన మనిషికి జనం కూడా దారి ఇస్తారు, ఎవరూ తోయరు. అంత ఇరుకులో అన్ని వందల కుండలు గుడి దాకా పోతాయి.

నా కారులో వెనక సీట్లో కూర్చున్నవాళ్ళు నాకు ఆ బోనం లాంటివాళ్ళే. అందుకే ఆ పెద్దమ్మ నుదుటి మీద రక్తం నేను మరచిపోలేను. వెనక కూర్చున్నా బెల్టు పెట్టుకోమని ఇప్పుడు ప్రతి ట్రిప్పులో అడుగుతాను. ముందుకి ముఖం పెట్టుకుని కూర్చునే వెనక సీట్లకీ బెల్టు తప్పనిసరని మోటారు వాహనాల నిబంధనలు ఎప్పుడో చెప్పాయి. మనలో చాలామందికి ఆ సంగతి తెలిసింది 2022 సెప్టెంబర్ 4న పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ పాల్ఘర్ దగ్గర కారు ప్రమాదంలో చనిపోయాకే. ఆయన వెనక సీట్లో ఉన్నారు, బెల్టు లేదు.

రెండు దారులు కలిసే చోటు గురించి కొంచెం చెప్పాలి. 2025 జనవరిలో ఆరాంఘర్ నుంచి జూపార్కు దాకా నాలుగు కిలోమీటర్ల పైచిలుకు ఫ్లైఓవర్ తెరిచారు. పాతబస్తీవాళ్ళకి అది పెద్ద మేలు. కానీ ఏ ఫ్లైఓవర్ అయినా దిగే చోట కింది నుంచి వచ్చే బండ్లు, పై నుంచి వచ్చే బండ్లు ఒకే రోడ్డులో కలవాలి. అక్కడ ప్రతివాడూ ముందు టైరు దూర్చేవాడికే దారి అనుకుంటాడు. మా గుడి దగ్గర మాల కట్టే ఆడవాళ్ళని చూడండి. ఒక పువ్వు ఇటు, ఒక పువ్వు అటు, ముడి, మళ్ళీ ఒకటి ఇటు, ఒకటి అటు. చేతులు ఆగవు. అటు నుంచి ఒక బండి, ఇటు నుంచి ఒక బండి కలిస్తే రెండు వరసలూ నడుస్తూనే ఉంటాయి. జర్మనీలో ఇలా ఒకటి విడిచి ఒకటి కలవాలని చట్టంలోనే రాసుకున్నారు. మనకి చట్టం దాకా అక్కర్లేదు. పక్కవాడికి చేత్తో రమ్మని సైగ చేయండి. నూటికి తొంభై మంది తర్వాతి బండికి తాము కూడా దారిస్తారు. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఔటర్ మీద నేను ఎక్కువ భయపడేది వేగానికి కాదు, ఉన్నట్టుండి వేగం మారడానికి. 158 కిలోమీటర్ల రోడ్డు, ఎనిమిది లైన్లు. కుడి పక్క లైన్లు వేగంగా పోయేవాళ్ళవి, ఎడమ పక్కవి నెమ్మదిగా పోయేవాళ్ళవి. నలభైకి తగ్గకూడదని కూడా నియమం ఉంది. అందరూ వందలో పోతున్నప్పుడు ముప్పైలో పోయేవాడు కూడా ప్రమాదమే. అన్నిటికంటే ఘోరం ఎగ్జిట్ దాటిపోయిందని బ్రేకు కొట్టి రివర్స్ తీయడం. ఎగ్జిట్ పోతే పోనివ్వండి. తర్వాతి ఎగ్జిట్‌లో దిగి వెనక్కి రండి, పావుగంట పడుతుంది. అలాగే ఎడమ అంచున ఆగి ఉన్న లారీలు. రాత్రి పూట దూరం నుంచి చూస్తే అది కదులుతోందో ఆగి ఉందో తెలియదు. మన చూపు ముందు బండి డిక్కీ మీదే అతుక్కుని ఉంటే అది తెలిసేలోపు మీదికి వచ్చేస్తుంది. ముందు చోటున్నవాడికే దూరం కనిపిస్తుంది.

ఆగినప్పుడు కూడా చోటు కావాలి. జాంలో ఆగితే ముందు కారు వెనక టైర్లు నేలని తాకే చోటు నా సీట్లోంచి కనిపించాలి. కనిపించకపోతే మరీ దగ్గరగా ఆగానన్నమాట. ఆ మాత్రం ఖాళీ ఉంటే ముందు బండి చెడిపోయినా రివర్స్ తీయకుండా పక్కకి తప్పుకోవచ్చు. ఎక్స్‌ప్రెస్‌వే మీద ఒక్కో వైపు రెండే లైన్లు. వెనక అంబులెన్స్ వస్తే బండ్లు చెరో పక్కకి జరిగితేనే దానికి దారి. జరగడానికి చోటుండాలిగా?  అంబులెన్స్‌కి దారి ఇవ్వకపోతే పదివేల జరిమానా అని 2019లో సవరించిన చట్టం చెబుతోంది. నేను చూసినంతవరకు దారివ్వని వాళ్ళలో ఎక్కువమంది మొండివాళ్ళు కాదు. ఇవ్వాలనే ఉంటుంది, ముందు బండికి ఆనుకుని ఆగి ఇరుక్కుపోయి ఉంటారు.

చిచ్చా పోయి చాలా ఏళ్ళైంది. మా అబ్బాయికి పోయిన ఏడాది లైసెన్స్ వచ్చింది. వాణ్ణి మొదటిసారి చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ ఎక్కించినప్పుడు పక్క సీట్లో కూర్చుని నేను ఏమీ మాట్లాడలేదు. వాడు తనలో తాను గొణుక్కుంటున్నాడు. చెవి పెట్టి విన్నాను, మూడు పేర్లు.

మీరు రేపు ఏ ఫ్లైఓవర్ ఎక్కినా ఒక స్తంభం చూసుకోండి. మీ ఊళ్ళో మీకు నచ్చిన మూడు పేర్లు పెట్టుకోండి. మూడో పేరు పూర్తికాకముందే స్తంభం దగ్గరికి వచ్చేస్తే బ్రేకు తొక్కవద్దు, యాక్సిలరేటర్ మీద కాలు కాస్త తేలిక చేయండి. నాలుగైదు సెకన్లలో చోటు దానంతటదే వస్తుంది.